సీమ సైకిలుకు బండి కందెన

మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో ఒక ప్రభువు ఉన్నాడు, ఒక నమ్మిన బంటు ఉన్నాడు, ద్రోహం ఉంది, విచారణ ఉంది, వనవాసం కూడా ఉంది. కాకపోతే ప్రభువుగారిది ఆగిరిపల్లి దగ్గర మామిడితోట, బంటుది ఎడ్లబండి, ద్రోహం జరిగింది సైకిలు వెనక చక్రంలో. వనవాసం కూడా తోటలోకి కాదు, తోటలోంచి బయటికి. అంచేత మహాగాథ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సైకిలుకి ఏ నూనె పొయ్యాలన్నదే ఇందులో సంగతి.

నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం. నూజివీడులో మా మేనమామ సైకిలు షాపులో నేను మెకానిక్కుని. షాపంటే ఒక తాటాకు పందిరి, గాలి పంపు, కొన్ని రెంచీలు, రేకు పళ్ళెంలో కిరసనాయిలు. మట్టి పట్టిన చైనైనా, జిడ్డు కట్టిన ఫ్రీవీలైనా ఆ పళ్ళెంలో నానేస్తే శుభ్రపడుతుంది. అప్పట్లో కిరసనాయిలు కంట్రోల్లో ఉండేది, కార్డు మీద కొలిచి ఇచ్చేవారు. గంగాజలం వాడినంత భక్తిగా వాడేవాళ్ళం. మామిడి సీజన్లో పని మరీ ఎక్కువ. కాయల బుట్టలు సైకిలు వెనక కడతారు. తొడిమ దగ్గర కారే సొన చైను మీద పడుతుంది, దానికి దుమ్ము కలుస్తుంది, బంకలా పట్టేస్తుంది. కోసేవాడి చర్మాన్ని కాలుస్తుంది, మోసే సైకిలు చైనుని బిగిస్తుంది. తినేవాళ్ళకి మాత్రం పండు తియ్యగానే ఉంటుంది.

ఒక పొద్దున వెంకన్న ఇంగ్లండు నించి దిగిన సీమ సైకిలు ఒకటి నడిపించుకుంటూ వచ్చాడు. అతను ఆ ఆగిరిపల్లి తోట కామందుగారి బండి తోలేవాడు. తండ్రి కూడా ఆ ఇంటి బండే తోలాడట. కాపురం తోటలోనే, కామందుగారు వేయించిన పాకలో. సైకిలు కామందుగారిది. రోజూ మార్కెట్లో కాయల ధర కనుక్కురావడానికి ఆ యేడే కొన్నారు. తొక్కేది గుమాస్తాగారు. తుడిచి, కడిగి, కాపాడే బాధ్యత వెంకన్నది. ‘ఎద్దుల్ని చూసుకున్నట్టు చూసుకోవాల్రా’ అని చెప్పి మరీ అప్పగించారట. వెంకన్నతో వచ్చిన చిక్కేమిటంటే, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు.

“ఏమైంది బాబాయ్?” అన్నాను.

“ఎనక చక్రం పళ్ళు కొరుకుతుంది అబ్బాయా. ఎందుకో తెలీట్లేదు. కందెన పెడతానే ఉన్నా.”

చేతిలో రెంచీ కింద పెట్టాను. “ఏం పెడుతున్నావ్?”

“కందెన. బండికి పెట్టేదే. మంచిది, నేనే చేశా.”

వెనకాలే వచ్చిన భార్య సాయమ్మ అందుకుంది. “చేశాడు బాబూ, చేశాడు. నా మోకాళ్ళు కిర్రుమంటన్నాయి, చుక్క ఆముదం పొయ్యవయ్యా అంటే అయిపోయిందన్నాడు. అంతా దీనికి తాగించాడు.”

“నిన్ను అయ్యగారు నాకు అప్పగించలేదు కదే,” అన్నాడు వెంకన్న.

పట్నంలో ఇది చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపితే కందెన. బండి కింద వెదురు గొట్టంలో వేలాడుతూ ఉంటుంది. బండి ఇరుసుకి అంతకంటే మంచిది లేదు. మసి కలవడం వల్ల ఆముదం కారిపోకుండా పట్టుకుని ఉంటుంది. ఇక సైకిలు చక్రం నడుమ ఉండే ఇరుసు డొల్లని హబ్ అంటారు. దాని లోపల రెండు వైపులా ఉక్కు కప్పులు, వాటిలో శనగగింజలకంటే చిన్న ఉక్కు గుండ్లు. చక్రం తిరిగేది వాటి మీద. సీమ సైకిళ్ళ హబ్ మీద ఒక చిల్లు, దానికి స్ప్రింగు మూత ఉంటాయి. నూనె పొయ్యడానికే ఆ చిల్లు. వెంకన్న అది కనిపెట్టాడు. కందెన చిక్కగా ఉండి లోపలికి దిగకపోతే, ఇంకాస్త ఆముదం కలిపి పలచన చేసి మరీ పోశాడు. ఇంత శ్రద్ధ మా షాపులో ఎవరికీ లేదు.

చక్రం విప్పాను. మెత్తటి నల్లటి ముద్ద. చూడ్డానికి కాటుకలా ఉంది. కానీ గడ్డి మసిలో ఇసక లాంటి నలుసు ఉంటుంది. కర్ర చక్రం దాన్ని లెక్కచెయ్యదు, ఉక్కు గుండ్లకి మాత్రం అది గరుకు కాగితం. కిరసనాయిల్తో కడిగితే కప్పుల మీద గాడి పడి ఉంది. గోరు పెడితే ఆగుతోంది.

“కప్పులు పోయాయి బాబాయ్. బెజవాడ నించి కొత్తవి తెప్పించాలి. కామందుగారితో చెప్పక తప్పదు.”

వెంకన్న కూలబడ్డాడు. “పొమ్మంటారు అబ్బాయా. అసలే నా మీద కోపంగా ఉన్నారు.”

కోపం ఎందుకంటే, ఆ సీజను మొదట్లో కాయలు కోసే కూలీలు సంఘం పెట్టుకుని, కూలి పెంచమని పని ఆపారు. ఆ రోజుల్లో వెంకన్న బండి కూడా కదల్లేదు. కొయ్యని కాయని బండిలో వెయ్యడం అతనికి చేతకాలేదు. కామందుగారు దాన్ని సమ్మె కింద జమకట్టారు. కూలీలకి పెంచక తప్పలేదు. ఆ మంట ఎవరి మీద చల్లార్చుకోవాలో అని ఆయన అప్పటినించీ వెతుక్కుంటున్నారు.

మర్నాడు ఆయనే షాపుకి వచ్చారు. మల్లు పంచె, చేతికర్ర. వెంకన్న, సాయమ్మ ఆయన వెనక నిలబడ్డారు. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొట్టించుకోవడం అయిపోయినా కదల్లేదు.

“ఏవోయ్, ఇందులో ఏం దొరికింది?”

“కందెనండి. బండికి పెట్టేది. మంచి చేద్దామనే పెట్టాడండి.”

“కందెనలో ఏం కలుపుతారు?”

“ఆముదమండి, గడ్డి మసండి.”

“మసంటే బూడిదేగా?”

“అనుకోవచ్చండి. కానీ...”

“నా సైకిల్లో బూడిద పోశాడా లేదా?”

“ఆముదంలో కలిపి పోశాడండి. పాడు చేద్దామనుకున్నవాడు ఇసక పోస్తాడండి, దారి పొడుగునా ఉంది. ఇంట్లో ఆముదం ఖర్చు పెట్టి ఎవడు పాడు చేస్తాడండీ?”

ఒకరిద్దరు నవ్వారు. కామందుగారు కూడా నవ్వారు. గెలిచామనుకున్నాను.

“నోరు బాగానే ఉందోయ్ నీకు,” అని ఆయన వెనక్కి తిరిగారు. “ఏరా వెంకన్నా, ఈ విద్య సంఘపోళ్ళు నేర్పారా?”

“ఏ సంఘం అయ్యగారూ? ఎద్దుల్ని చూసుకున్నట్టు చూసుకోమని తమరేగా అన్నారు.”

“ఎద్దుల నోట్లో బూడిద పోస్తావురా?”

దీనికి అందరూ నవ్వారు. నా మాటకంటే ఇది గొప్పగా ఏమీ లేదు. అన్నవాడికి తోట ఉంది, అంతే తేడా.

“సాయంత్రానికి పాక ఖాళీ చెయ్యి,” అన్నారు కామందుగారు.

సాయమ్మ అడ్డం వచ్చింది. “ఈ కాపు దిగేదాకా అన్నా ఉండనియ్యండి బాబుగారూ. ఇప్పుడు పనెవరిస్తారు?”

“సంఘాన్నడుగు,” అని ఆయన వెళ్ళిపోయారు. పిడుగేమీ పడలేదు. ఎదురుగా ఇడ్లీలమ్మే ఆవిడ ఆకులు తుడుచుకుంటూనే ఉంది. గాలి కొట్టించుకున్నవాళ్ళు కూడా ఇక చూడ్డానికేం లేదని వెళ్ళారు.

వెంకన్న మాత్రం కదల్లేదు. నేను విప్పిపెట్టిన చక్రం ముందు గొంతుక్కూచున్నాడు.

“ఇంతకీ దేన్లో ఏం పొయ్యాలి అబ్బాయా?”

“ఇప్పుడెందుకులే బాబాయ్.”

“చెప్పు. తెలియాలి.”

చెప్పాను. చైనుకి మిషనాయిలు, చుక్క చుక్కగా వేసి పైన గుడ్డతో తుడిచెయ్యాలి, లేకపోతే దుమ్ము పడుతుంది. కప్పుల్లో గ్రీజు. చిల్లులో పోసేది కూడా మిషనాయిలే, రెండు చుక్కలు. సొన పడితే కిరసనాయిలు గుడ్డ. నీళ్ళతో కడిగితే తుప్పు. అతను ఒక్కోటీ నోట్లో అనుకుని, వేలితో ఆ భాగం చూపించి, సరేనా అన్నట్టు నా వంక చూశాడు. తప్పు పోలేదు.

“అయితే ఆముదం దేనికీ పనికిరాదా?”

“బండికి పనికొస్తుంది బాబాయ్.”

“బండి లేదుగా,” అన్నాడు.

సాయమ్మ అతని చెయ్యి పట్టుకుని లేపింది. “లే. సామాను సర్దాలి. ఆముదం సీసా ఖాళీయే, మొయ్యక్కర్లేదు.” రెడ్డిగూడెంలో ఎవరో చుట్టాలున్నారని అటు వెళ్ళారు. తర్వాత వాళ్ళ కబురు నాకు తెలియదు. తెలిస్తే కథ ఇంకొంచెం బాగుండేది.

ఈ కేసు నాకేం నేర్పిందంటే, యంత్రం ఎందుకు పాడైందో విప్పి చూపించడం వరకే మెకానిక్కు పని. మనిషిని పంపేద్దామని ముందే అనుకున్నవాడికి కారణం విప్పి చూపించినా లాభం లేదు. ఏ ఆయిలు పోస్తే అలాంటివాళ్ళ చెవులు పనిచేస్తాయో మా షాపులో ఇంకా తెలియదు.

కొత్త కప్పులు వేసి సైకిలు పంపించాను. చలికాలంలో అది మళ్ళీ వచ్చింది. ఈసారి గుమాస్తాగారు అదే చిల్లులో ఇంట్లో కొబ్బరినూనె పోశారు. పొద్దున్నే చక్రం బరువుగా తిరుగుతోందట. కామందుగారు కూడా వచ్చారు. “పొరపాటు ఎవరికైనా సహజమేలేవోయ్,” అని ఆయనే సర్ది చెప్పారు.

కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది. కాసేపు ఎండలో పెడితే కరుగుతుంది.