చల్లారిన సంగటి

ఉద్యోగంలో చేరిన కొత్తలో, లోకంలో మనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదనిపించే రోజులు కొన్ని ఉంటాయి. నాకవి పెనుకొండలో, ఒక చిన్న పల్లె రేడియో కేంద్రంలో గడిచాయి. ధర్మవరం మగ్గాల వీధి నుంచి ఇంజినీరింగు పట్టా పట్టుకుని వచ్చినదాన్ని (దానికి లామినేషన్ కూడా చేయించాను). అక్కడి ట్రాన్స్‌మిటర్‌లోని ఆంప్లిఫయరు బ్యాటరీ నుంచి తాగేదంతా తాగి, యాంటెన్నాకు కొంచెం ఇచ్చి, మిగతాది వేడి చేసి పారేసేది. ఆ వేడి మా ఆపరేటరు మామకు మాత్రం బాగా పనికొచ్చేది. రాగిసంగటి క్యారియరు దాని మూత మీదే పెట్టుకునేవాడు. మిషను నడుస్తోందా లేదా అన్నది కూడా మీటరు చూసి కాదు, క్యారియరు ముట్టుకుని చెప్పేవాడు.

చిక్కల్లా శనివారం సాయంత్రాలు. కరెంటు పోయేది, మా జీవాల కార్యక్రమంలో గొర్రెల డాక్టరు బ్యాటరీ మీదే మాట్లాడేవారు. సరిగ్గా ఆయన "ఈ మందు ఎంత తాపాలంటే" అనేసరికి బ్యాటరీ అయిపోయేది. అగళి నుంచి, చిలమత్తూరు నుంచి ఒకటే ఫోన్లు: "ఎంత తాపల్ల సార్? ఈడ జీవాలు పడిపోతాండాయి!" మా ఇన్‌ఛార్జి పెద్దసారు విసిగిపోయి, ఈ వారం కూడా ఆగితే ఆ కార్యక్రమమే తీసేస్తానన్నారు. "నేను నిలబెడతాను సార్" అనేశాను. ఎలాగో నాకే తెలియదు.

ఎఫ్ఎమ్‌కు ఆంప్లిఫయరులోని ట్రాన్సిస్టరు అస్తమానం కరెంటు తాగుతూ మేలుకుని ఉండనక్కర్లేదు. ప్రతి అలకూ ఒక్క క్షణం లేచి, పని చేసి పడుకుంటే చాలు. అలా సర్దాను. బయటివైపు కాయిల్ మాత్రం ఎన్నిసార్లు చుట్టినా కుదరలేదు. చివరికి ఇంటికి పోయి నాయన మగ్గం కండె మీద రాగితీగ చుట్టాను. "పట్టు సుట్టినట్టే సుట్టు పాపా, చేతి బిగువు మారగూడదు" అన్నాడు నాయన. చిన్నప్పుడు ఏడుస్తూ నేర్చుకున్న పని అది. శుక్రవారం రాత్రి తెచ్చి బిగిస్తే యాంటెన్నాకు వెళ్లేది అంతే ఉంది, బ్యాటరీ నుంచి లాగేది సగానికి పడిపోయింది. ఆనందంలో ఆ మాట మామకు చెప్పడం మరిచిపోయాను.

శనివారం వచ్చింది, కరెంటు పోయింది. డాక్టరుగారు "ఎంత తాపాలంటే" అన్నారు. నా చేతిలోని సెల్‌ఫోను రేడియో మూగబోయింది. ట్రాన్స్‌మిటర్ గదిలోకి పరుగెత్తాను. మామ చల్లటి క్యారియరు ఒక చేత్తో, స్విచ్చి ఇంకో చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మిషను సచ్చిపోయిండాది పాపా! సంగటి ఐసు మాదిరి ఉండాది. ఉన్న బ్యాటరీ అన్నా మిగులుతుందని నేనే ఆపితి."

అంతలో అగళి నుంచి ఫోను: "ఇంతసేపూ గంట కొట్టినట్టు వస్తాండె గదప్పా, ఏల ఆపితిరి?"

స్విచ్చి నేనే వేశాను. డాక్టరుగారు మళ్లీ మొదలుపెట్టి, మందు కొలత చివరిదాకా చెప్పారు. నమస్కారం కూడా చెప్పారు (ఆ మాట అప్పటిదాకా ఏ శనివారమూ ఊళ్లకు చేరనేలేదు). పెద్దసారు లేచి చప్పట్లు కొట్టారు. నాకు పెనుకొండ కోట గెలిచినంత గర్వంగా ఉంది. మామ మాత్రం సంగటి విరుస్తూ, "గెలిస్తివిలే పాపా, నా కూడు సల్లార్చి గెలిస్తివి" అన్నాడు.

ఇప్పుడు పెద్ద పెద్ద టవర్ల ఆంప్లిఫయర్లతోనే నా పని. కొత్తది సిద్ధం కాగానే, మీటరు కంటే ముందు మూత మీద చెయ్యి పెడతాను. చల్లగా తగిలితే ఆ లామినేషన్ పిల్ల లోపల ఎగిరి గంతేస్తుంది. ఎవరి కూడు చల్లారిందో ముందు కనుక్కోవే, అని దాన్ని నవ్వుతూ కూర్చోబెడతాను.