గోపమ్మ చుట్టిన వైపరు మోటారు

చిట్యాలలో బెజవాడ రోడ్డు పక్కన, లారీలు ఆగేచోట, కురుమయ్యకు ఒక రేకుల షెడ్డు ఉండేది. లారీల హారన్లు, లైట్లు, డైనమోలు బాగుచేసేవాడు. అసలు గొర్రెలకాపరి. యాభై రెండో సంవత్సరం వానకాలంలో చిటుకు రోగం వచ్చి మందకు మందే పోయింది. పొద్దున లేచి చూస్తే దొడ్డిలో ఇరవై చచ్చి పడి ఉండేవి, మర్నాడు ముప్పై. మిగిలిన నాలుగు జీవాలను తమ్ముడికి అప్పజెప్పి, భార్య గోపమ్మను వెంటబెట్టుకొని రోడ్డు మీదికి వచ్చాడు.

భిక్షం అనే ముసలాయన ఆ షెడ్డులో ఉండేవాడు. యుద్ధం రోజుల్లో మిలిటరీ బండ్ల మీద పనిచేసినవాడు. చెట్టంత మనిషి పని లేక కూలబడి ఉంటే చూడలేక, కురుమయ్యను లోపలికి పిలిచి చేతికి కటింగ్ ప్లేయరు ఇచ్చాడు.

"మందల గొర్రె కుంటితే ఏ కాలు నొస్తాందో ఎట్ల పట్టుకుంటవు? గట్లనే తీగెను పట్టుకొని పో. యాడ ఆగిందో గదే చెప్తది" అన్నాడు.

మూడేళ్లు నేర్పాడు. చనిపోయేముందు తన పనిముట్ల పెట్టె కూడా కురుమయ్యకే ఇచ్చాడు. ఆ ముసలాయన పేరెత్తితే గోపమ్మ ఇప్పటికీ చేతులు జోడిస్తుంది.

షెడ్డు నిలదొక్కుకుంటున్న రోజుల్లోనే మరో దెబ్బ తగిలింది. ఒక ఎండాకాలం ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేచి, బ్యాటరీ పగిలి, యాసిడ్ కురుమయ్య ముఖాన పడింది. గోపమ్మ కుండెడు నీళ్లు తెచ్చి కుమ్మరించింది గానీ కుడికన్ను పోయింది. ఎడమ కంటికి మనిషి ఆకారం తెలుస్తుంది, మనిషెవరో తెలియదు. నాలుగు నెలలు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

గోపమ్మ చిన్నప్పటి నుంచీ కదురు పట్టిన మనిషి. ఉన్ని వడికితే పోగు మొదటి నుంచి చివరిదాకా ఒకే లావున వచ్చేది. ఒకరోజు ఆమె కాలిపోయిన హారన్ ఒకటి తెచ్చి భర్త ఒళ్లో పెట్టింది.

"నువ్వు చెప్పు, నేను చేస్త. నీ తలకాయల ఉన్నది యాసిడ్‌కు కాలలేదు గద" అన్నది.

అలా మొదలైంది. అతను తడిమి, విని, వాసన చూసి రోగం చెప్పేవాడు. గోనెపట్టా అడ్డం కట్టుకొని, లోపల కూర్చుని ఆమె చేసేది. తీగ చుట్టే పనయితే అతని కంటే ఆమెకే బాగా కుదిరింది. కానీ ఈ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. గుడ్డివాడు, ఆడమనిషి కలిసి బండి బాగుచేస్తారని తెలిస్తే ఏ డ్రైవరు ఆగుతాడు? "నాకు జర మసక మసక కనపడ్తది" అని కురుమయ్య అందరితో చెప్పేవాడు. పని తనదే అని చెప్పుకొనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా పట్టా వెనక గోపమ్మ తల వంచుకొని తీగ చుట్టుకుంటూ ఉండేది. ఆమెకు కోపం వచ్చేది కాదు. పొయ్యి వెలుగుతున్నది కదా అనుకునేది.

యాభై ఎనిమిదిలో, ఆషాఢం చివర, పట్టపగలే ముసురుపట్టిన ఒక శనివారం షెడ్డు ముందు ఒక కారు ఆగింది. అటువంటి కారు ఆ రోడ్డు మీద ఎవరూ చూడలేదు. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, నేల మీద పాకినట్టు పొట్టిగా, మీద రేకుకు బదులు గుడ్డ. నడుపుతున్నది ఒక ఆడమనిషి. నల్లగొండ ఆసుపత్రిలో కొత్తగా చేరిన డాక్టర్ మంజులత. హైదరాబాదులో ఇల్లు, శనివారం పోయి సోమవారం వచ్చేది. ఆ రోజు నల్లగొండ నుంచి ఇంటికి పోతున్నది. తండ్రి ఒక ఇంగ్లీషు దొర దగ్గర కొన్న స్పోర్ట్స్ కారట. వానకు సగం తడిసి, కొంగుతో అద్దం తుడుచుకుంటూ అక్కడిదాకా వచ్చింది.

"వైపరు తిరగదు. హారన్ మోగదు. లైట్లు మిణుగురుల్లా ఉన్నాయి. పోయిన వారం పట్నంలో కొత్త బ్యాటరీ వేయించాను, అప్పటి నుంచే ఈ తంటా. ముగ్గురికి చూపించాను. విలాయతీ బండి, మాకు రాదు అన్నారు" అన్నది.

కురుమయ్య బానెట్టు తీయించి చేతులు లోపలికి పెట్టాడు. బ్యాటరీ మీది రెండు సీసపు గుబ్బలను తడిమాడు. ప్లస్ గుబ్బ లావు, మైనస్ గుబ్బ సన్నం. బండి ఒంటికి బిగించిన తీగ చివరి బిళ్ల సన్న గుబ్బ మీద వదులుగా ఉంటే, మధ్యలో రేకుముక్క దూర్చి కొట్టారు. రెండో బిళ్ల లావు గుబ్బకు పట్టక దాన్ని సుత్తెతో విడదీశారు.

అతని ముఖం ఒక్కసారి వెలిగింది. "అమ్మా, గీ బండికి బ్యాటరీ తిరగేసిన్రు! మన లారీలకు మైనస్‌ను బండికి కడ్తరు. గీ ఇంగ్లాండు బండ్లకు ప్లస్‌ను కట్టాలె. మా భిక్షం తాత మిలిటరీ బండ్ల సంగతి మస్తుగ చెప్పెటోడు" అన్నాడు.

బిళ్లలు మార్చాడు. డైనమోకు, బ్యాటరీకి మధ్య తలుపులా పనిచేసే కటౌట్ లోపల ఒకదానికొకటి తగిలే మాడిపోయిన ముక్కులను గరుకు కాగితంతో రుద్దాడు. డైనమోలో కూడా కరెంటు సరైన వైపు తిరిగేలా దానికి ఒక్క క్షణం బ్యాటరీ తీగ తాకించాడు. ఇంజను తిప్పగానే లైట్లు తెల్లగా వెలిగాయి. హారన్ నొక్కితే పక్క లారీలో నిద్రపోతున్న క్లీనరు లేచి కూర్చున్నాడు.

వైపరు మాత్రం కదలలేదు. అద్దం చట్రం మీదే బిగించి ఉన్న పిడికిలంత మోటారు అది. విప్పి మూత తీస్తే మాడిన వాసన గుప్పుమన్నది.

"లోపల తీగె కాలింది. మళ్ల చుట్టాలె. రెండు దినాలు పడ్తది" అన్నాడు కురుమయ్య.

డాక్టరమ్మ ఒక నిమిషం ఆలోచించింది. "కారు ఇక్కడే పెట్టి బస్సులో పోతాను. సోమవారం వస్తాను" అని తాళంచెవి అతని చేతిలో పెట్టి, రోడ్డు దాటి వెళ్లిపోయింది. ముక్కూమొహం తెలియని వాళ్ల మీద ఇంత నమ్మకమా అని గోపమ్మ గోనెపట్టా సందులోంచి చూస్తూ నిలబడిపోయింది.

ఆ మోటారులోని తీగ ఉన్నిపోగు కంటే చాలా సన్నం. గోపమ్మ దాన్ని విప్పుతూ ఇరవై చుట్లకు ఒక చింతగింజ చొప్పున పక్కన పెట్టి లెక్క చూసుకుంది. అటువంటి తీగ చిట్యాలలో దొరకదు. పాత సామాను బుట్టంతా వెతికి, చెడిపోయిన కటౌట్ల మీది తీగలను ఒక్కొక్కటే రెండు వేళ్ల మధ్య దొర్లించి చూసింది. నాలుగోది సరిపోయింది. చుట్టిన తీగ కదలకుండా పైన లక్క పూయాలి. గాజులు చేసే అమృతమ్మ లక్క ఇచ్చింది. దాన్ని కరిగించే స్పిరిటు మాత్రం లేకపోయింది.

సోమవారం పొద్దున డాక్టరమ్మ బస్సు దిగేసరికి మోటారు విడి ముక్కలుగానే ఉంది. కురుమయ్య నసుగుతూ సంగతి చెప్పాడు. ఆమె నవ్వి తన సంచీలోంచి సూదిమందు వేసేముందు తుడిచే స్పిరిటు సీసా తీసింది. చుట్టి పెట్టిన తీగను కళ్ల దగ్గరికి తెచ్చుకొని తిప్పి తిప్పి చూసింది.

"నేను కుట్లు వేస్తే మా పెద్ద డాక్టరుగారు ఇంత నీటుగా లేవని తిడతారు. ఈ చూపుతో ఎలా చుట్టారయ్యా?" అని అడిగింది.

కురుమయ్య ఎప్పటి మాటే చెప్పబోయాడు.  చుట్టూ నలుగురు డ్రైవర్లు నిలబడి కారును చూస్తున్నారు. అతను తల పైకెత్తాడు.

"నేను చుట్టలే డాక్టరమ్మా. నాకు కండ్లు కనపడయి. గిది చుట్టింది నా పెండ్లాం. రెండేండ్ల సంది గీ షెడ్డుల చుట్టుడంత ఆమెదే. నేను నాదని చెప్పుకుంటున్న. ఏయ్ గోపమ్మా, ఇటు రా" అని పిలిచాడు.

గోపమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. పట్టా పక్కకు జరిపి బయటికి వచ్చింది. డాక్టరమ్మ ఆమె చేతులు పట్టుకొని వేళ్లు చూసింది. లక్క ఆరేదాకా అక్కడే బల్ల మీద కూర్చుంది. మోటారు బిగించాక మళ్లీ చినుకులు మొదలయ్యాయి.

"ఎక్కు గోపమ్మా. పనిచేస్తున్నదో లేదో నువ్వే చూడు" అన్నది.

"నేనా? నా చీరెకంత గ్రీజున్నది తల్లీ!"

"నాకు మందుల వాసన. ఎక్కు."

నార్కట్‌పల్లి దాకా పోయి వచ్చారు. వాన దంచికొట్టింది. కళ్ల ముందు ఆ చిన్న రెక్క అటూ ఇటూ తిరుగుతూ నీళ్లను తోసేస్తుంటే, గోపమ్మ దారి చూడలేదు, దాన్నే చూసింది. తిరిగి వచ్చేసరికి డ్రైవర్లు ఇంకా అక్కడే ఉన్నారు. అందరికంటే ఎక్కువ మాట్లాడే జానయ్య అనే డ్రైవరు ముందుకు వచ్చి, "నా హారన్ చుట్టింది గూడ నువ్వేనా చెల్లే? యాడాదాయె, ఒక్కనాడు గూడ తిప్పల పెట్టలే" అన్నాడు. ఆ మాటతో షెడ్డులో అడ్డం పట్టా పోయింది.

తర్వాత డాక్టరమ్మ కురుమయ్యను హైదరాబాదు కంటి ఆసుపత్రికి వెంటబెట్టుకొని పోయింది. పోయిన చూపు రాదని పెద్ద డాక్టర్లు చెప్పారు. ఆమె ఆ మాట దాచలేదు, మిగిలిన చూపు పోకుండా చుక్కల మందు మాత్రం నెలనెలా తానే తెచ్చి ఇచ్చేది. "లేనిదాని మీద ఆశ పెట్టలే, ఉన్నదాన్ని కాపాడింది. అంతకంటే ఏం గావాలె" అనేవాడు కురుమయ్య. నల్లగొండ నుంచి కార్లవాళ్లు, జీపులవాళ్లు ఆమె పేరు చెప్పుకొని వచ్చేవాళ్లు. అరవై రెండులో ఆమెకు వరంగల్ బదిలీ అయింది. పోయేరోజు గోపమ్మ తన చేత్తో వడికిన ఉన్నితో నేయించిన గొంగడి ఆమెకు కప్పింది. 

మరో రెండేళ్లకు చుట్టుపక్కల ఊళ్లకు కరెంటు తీగలు వచ్చాయి. మోటబావుల మీద మోటార్లు కూర్చున్నాయి. ఒక చైత్రమాసంలో పక్క ఊరి రైతు బుచ్చయ్య కాలిపోయిన మోటారును ఎడ్లబండి మీద వేసుకొని వచ్చాడు.

"పట్నంల పదిహేను దినాలంటున్నరు. నా మిర్పతోట వారం దినాలు గూడ ఆగదు. నువ్వే దిక్కు గోపమ్మా" అన్నాడు.

అంత పెద్దది ఆమె ఎప్పుడూ ముట్టలేదు. "వద్దంటవా?" అని భర్తను అడిగింది.

"చిన్నదయినా పెద్దదయినా తీగె తీగెనే. నువ్వు విప్పు, నేను వింట" అన్నాడతను.

ఏ చుట్టు ఏ గాడిలో ఉందో మరిచిపోకుండా రంగురంగుల ఉన్నిపోగులు ముడివేసి గుర్తు పెట్టుకుంది. బుచ్చయ్య నల్లగొండ పోయి తీగ తెచ్చాడు. మూడు రోజులు చుట్టింది. నాలుగో రోజు బండి మీద మోటారుతోబాటు మొగుడూపెండ్లాలిద్దరూ ఎక్కి బావి దగ్గరికి పోయారు. బుచ్చయ్య స్విచ్ వేశాడు. మోటారు గుర్రుమన్నది. గొట్టం రెండుసార్లు దగ్గింది. తర్వాత నీళ్లు ఒక్క పెట్టున ఎగజిమ్మాయి.

బుచ్చయ్య భార్య ప్రమీలమ్మ పరుగెత్తుకొచ్చి గోపమ్మ చేతులు కళ్లకద్దుకుంది. గోపమ్మ వెనక్కి లాక్కోబోయింది.

"నాదేమున్నదక్కా. భిక్షం తాత ఈయనకు నేర్పిండు. ఈయన నాకు నేర్పిండు. డాక్టరమ్మ నన్ను నలుగుట్ల నిలబెట్టింది. వాళ్ల పున్నెం" అన్నది.

కురుమయ్య చప్పుడు పట్టుకొని గొట్టం దాకా నడిచాడు. రెండు చేతులూ నీళ్ల కింద పెట్టి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"సల్లగున్నయే, రా" అన్నాడు.

గోపమ్మ కొంగు నడుముకు దోపుకొని కాలువలోకి దిగింది.