నేను పడేయని గోలీలు

ఇంటర్ చదివే రోజుల నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదేం కాదు. ఒక మనిషి చెయ్యి పడిపోయేంత అబద్ధం. నా పేరు చెప్పను. చెబితే మీరు నేను కథలు రాసే యాప్ తెరిచి నా ఫోటో వెతుకుతారు. ఆ చిరాకు నాకు వద్దు.

దీన్ని రాయడం ఇదే మొదటిసారి కాదు. రాసిన ప్రతిసారీ కథ అయిపోయింది. ఎక్కడో ఒకచోట వాన పడుతుంది, నేను ఏడుస్తాను, చదివేవాళ్లకి నా మీద జాలి కలుగుతుంది. ఆ రోజు వాన పడలేదు. నేను ఏడవలేదు. ఒళ్లు మండి అన్నీ డిలీట్ చేశాను.

చదివే పిచ్చి నాకు ఫోన్‌తోనే అంటుకుంది. సికింద్రాబాద్ నుంచి అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్‌కి మారినప్పుడు నాకు ఇక్కడ స్నేహితులెవరూ లేరు. కాలేజీ బస్సులో సీరియల్ కథలు, అన్నం తింటూ సీరియల్ కథలు, చర్చిలో ప్రసంగం నడుస్తుంటే బైబిల్ యాప్ మూసి సీరియల్ కథలు. "ఆ ఫోన్ల పడి సచ్చేటట్టున్నవ్, జెర తలెత్తి మమ్మల్ని గూడ సూడవే," అనేది అమ్మ. తలెత్తితే తలనొప్పి. డాక్టరు గోలీలు రాసి, కళ్లద్దాలు పెట్టుకోమన్నాడు. గోలీలు అయిపోయాయి, అద్దాలు వచ్చాయి, నొప్పి పోయింది. జరిగింది అంతే.

పటాన్‌చెరులో మేం వెళ్లే చర్చిలో శనివారం సాయంత్రం సాక్ష్యాల కూడిక ఉండేది. దేవుడు తమకు ఏం మేలు చేశాడో ఒక్కొక్కరూ లేచి మైకులో చెప్పాలి. మొదటిసారి నేను, "పరీక్షల పాసయిన, దేవునికి స్తోత్రం," అని కూర్చున్నాను. వెనక నుంచి ఒకమ్మాయి, "గిదేం సాక్ష్యమే, ప్రోగ్రెస్ కార్డు సదివినట్టుంది," అంది. అందరూ నవ్వారు. నాకు మండింది. నాకంటే ముందు మాట్లాడినావిడ సాక్ష్యానికి అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఇన్ని కథలు చదివిన దాన్ని, నాకు చేతకాదా?

తర్వాతి వారం చేతనైంది. అమ్మ ఆ రోజు రాలేదు. తలనొప్పిని పెద్ద జబ్బు చేశాను. జబ్బు పేరు చెప్పలేదు, పేరు చెప్పడానికి డాక్టరే తటపటాయించాడని చెప్పాను. అయినా ఏదో తక్కువైందనిపించింది. పెద్ద పెద్ద మాటలు ఎవరూ నమ్మరని, చిన్న వస్తువు ఒకటి కళ్ల ముందు పెడితే నమ్ముతారని చదివి చదివి నాకు తెలుసు. అందుకని ప్రార్థన చేసి లేచి, సగం మిగిలిన గోలీల షీటును చెత్తబుట్టలో పడేశానని, అది ఉల్లిపొట్టు మీద పడిందని చెప్పాను. ముక్కు మీద కొత్త కళ్లద్దాలు పెట్టుకునే చెప్పాను. అవెందుకని ఒక్కరూ అడగలేదు.

హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు ఎంత నచ్చిందంటే, నేను రాయడం మొదలుపెట్టింది అలాంటిది మళ్లీ కావాలనే. చదివేటప్పుడు నాకు జరిగేది నేను ఇంకొకరికి చెయ్యగలనని తెలిసింది అక్కడే. నా మొదటి కథ అది. కథ అని చెప్పకుండా చెప్పిన కథ.

పాస్టరుగారు వెంటనే మైకు అందుకుని, "మందులు మాత్రం ఎవ్వరు బంద్ పెట్టొద్దు. డాక్టర్‌ని ఇచ్చింది గూడ దేవుడే," అన్నారు. అక్కడితో ఆగిపోవాల్సింది.

బయట చెప్పులు వేసుకుంటుంటే సలోమి ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. మా చర్చి మనిషే. ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. రోజంతా గోలీల షీట్లు డబ్బాల్లో సర్ది, ఇంటికొచ్చి తన బీపీ గోలీ మింగేది.

"అయ్యగారు గట్ల అన్నరు గని, నువ్వు నిజం చెప్పు బిడ్డా. గోలీలు మొత్తం పడేసినవా, జెర కొన్ని దాసినవా?"

ఇక్కడే. నేను మీకు చెప్పాల్సింది ఇదే. మైకులో చెప్పింది పొగరు అనుకోండి, చిన్నతనం అనుకోండి. ఇక్కడ మైకు లేదు. ఒక మనిషి తన ప్రాణానికి సంబంధించిన మాట నన్ను సూటిగా అడుగుతోంది. "కొన్ని దాచిన ఆంటీ" అన్నా చాలు, ఆమె గోలీలు మింగుతూనే ఉండేది. కానీ అలా అంటే నా కథ చప్పబడిపోతుంది కదా?

"అన్నీ పడేసిన ఆంటీ. దాసుకుంటే నమ్మనట్టే గదా?"

ఎంత బాగా చెప్పాను అనుకున్నాను కూడా. బాగా చెప్పానట! చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ ఏడాది ఎండాకాలంలోనే ఆమె డ్యూటీలో కుప్పకూలింది. పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది, పని పోయింది. బీపీ గోలీలు మానేసిందని ఆసుపత్రిలో బయటపడింది. ఎందుకు మానేసిందో ఎవరికీ చెప్పలేదు.

అమ్మతో కలిసి చూడటానికి వెళ్లాను. "మా అత్త బతికుంటే, ఎడమ చేత్తోని తింటున్ననని ఊరంత చాటింపేయిస్తుండె," అని మమ్మల్ని నవ్వించింది. అమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లగానే గొంతు తగ్గించింది.

"నీ తప్పేం లేదు బిడ్డా. నా విశ్వాసమే తక్కువైంది. నీకున్నంత నాకు లేకుండె."

నేనేమన్నాను? చాయ్ తాగి వచ్చేశాను.

ఇప్పుడు నా కథలు వేలమంది చదువుతారు. "నిజంగా జరిగినట్టే ఉంది మేడం" అని ఎవరైనా కామెంట్ పెడితే ఫోన్ గోడకేసి కొట్టాలనిపిస్తుంది. సలోమి ఆంటీ కూడా వింటుంది, కూతురు చదివి వినిపిస్తుంది. "ఆ కథల పిల్లకు పెండ్లి చేస్తవా, గట్లనే ఏడిపిస్తవా?" అని నాకు వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది. చివర్లో ప్రతిసారీ ఒకటే మాట: "నా కోసం ప్రార్థన చెయ్యి బిడ్డా, నీదైతే దేవుడు వింటడు."

ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు? చర్చిలో పరువు పోతుందనా? అమ్మ కొడుతుందనా? కాదు. ఆమె ఇక నన్ను వినదని భయం. నా మాటను అంతగా నమ్మినవాళ్లు ఇంకెవరూ లేరు, ఆ నమ్మకం పోగొట్టుకోవడం ఇష్టంలేక, దేవుడి ముందు తానే తప్పు చేశానని ఆమె కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను. చెయ్యి పోగొట్టింది ఒక తప్పు. ఇది దానికంటే పెద్దది.

ఇంతవరకు రాసి, ఆపి, ఆంటీకి వాయిస్ మెసేజ్ పెట్టాను. క్షమించమని మొదలుపెడితే మళ్లీ నా గోలే అవుతోందని అది చెరిపేశాను. పంపింది ఇది:

"ఆంటీ, నాకు ఏ జబ్బు లేకుండె. నేను గోలీలు పడెయ్యలేదు. అంత అల్లి చెప్పిన. నీ విశ్వాసంల తక్కువేం లేదు, నేనే నిన్ను మోసం చేసిన."

విన్నట్టు నీలం గుర్తు పడింది. జవాబు రాలేదు. రాకపోతే అడగను, తిడితే పడతాను. గుండెల మీది నుంచి ఏదో దిగింది, దిగిందని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది. ఈసారి మాత్రం ఆమెకు జరిగిందే చెప్పాను.