నాయనమ్మ దేవుడికి అప్పజెప్పిన గట్టు

నా చిన్నప్పుడు వత్సవాయి దగ్గర మాకున్న పత్తిచేను ఏటా కొంచెం కొంచెం చిక్కిపోయేది. పక్క చేను మావయ్య మాకు చుట్టమేం కాదు, వరస కలుపుకుని అలా పిలిచేవాళ్ళం. దుక్కి దున్నినప్పుడల్లా ఆయన నాగలి మా రెండు చేల మధ్య గట్టులోంచి ఒక సాలు కొరుక్కుపోయేది. అడిగితే ఎద్దులు పక్కకు లాగాయనేవాడు. ఆ ఎద్దులకు ఎప్పుడూ మా వైపే ఎందుకు లాగబుద్ధయ్యేదో మరి. ఆ ఏడు ఏకంగా హద్దురాయే జరిగింది.

మా నాన్నకు ఒళ్ళు మండిపోయింది. బాబాయిలిద్దరూ కర్రలు తీశారు. జగ్గయ్యపేట నుంచి ట్రాక్టరు నిండా మనుషుల్ని దింపుతానని చిన్న బాబాయి మీసం మెలేశాడు. అవతల మావయ్యకు నలుగురు కొడుకులు, వాళ్ళూ తక్కువేం తినలేదు. ఎవరి తల పగులుతుందోనని అమ్మ ఒకటే ఏడుపు.

నాయనమ్మ బియ్యం చెరుగుతూ అంతా విని, చేట కింద పెట్టింది.

"కర్రతో తెచ్చుకుంటే రేపట్నుంచి కర్ర పట్టుకునే కాపలా కాయాలిరా. నా వల్ల కాదు. దేవుడున్నాడు, ఆయన చూసుకుంటాడు" అంది.

దేవుడొచ్చి చేను దున్నిపెడతాడా అని బాబాయి విసుక్కున్నాడు. విసుక్కున్నాడే గానీ, ఆవిడ మాట దాటే ధైర్యం చేయలేదు.

చివరికి ఊరి పెద్దమనుషులు తీర్పు చెప్పారు. మావయ్య తడిబట్టలతో ఆంజనేయస్వామి గుడికి వచ్చి, రాయి తాను జరపలేదని ప్రమాణం చేసి దీపం ఆర్పాలి. ఆర్పితే నేల ఆయనది. అబద్ధమాడి దీపం ఆర్పినవాడి ఇల్లు నిలవదని మా వైపు అందరికీ భయం. ఆయన జంకుతాడనుకున్నాం. జంకలేదు. నీళ్ళు కారుతున్న పంచెతో వచ్చి నిలబడ్డాడు. నేను అందరినీ తోసుకుంటూ ముందుకెళ్ళి కళ్ళింత చేసుకుని చూస్తున్నాను. ఆయనకు ఏదో ఒకటి అయి తీరాలని నాకు గట్టిగా ఉంది.

ఆయన చెయ్యి దీపం మీదకు వెళ్తుండగా నాయనమ్మ వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు అల్లుడూ. పురిటికొచ్చిన పిల్ల ఉంది నీ ఇంట్లో. దీపం జోలికి పోమాక. ఆ నేల నువ్వే దున్నుకో. మా సంగతి ఆయన చూసుకుంటాళ్ళే."

మావయ్య తల ఎత్తలేదు. పంచె పిండుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ పూట నాన్న అన్నం ముట్టలేదు. నేలా పోయింది, పరువూ పోయిందని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నాయనమ్మ మాత్రం గోంగూర పచ్చడితో కడుపునిండా తిని, మళ్ళీ చేట ముందేసుకుని బియ్యం చెరుక్కుంది. తర్వాత చాలా రోజులు ఆ చేని వైపే వెళ్ళలేదు. ఒకరి చేతిలో పెట్టిన దాన్ని మాటిమాటికీ తొంగిచూడటం వాళ్ళని నమ్మకపోవడమే అని ఆవిడ లెక్క.

తొలకరి పడ్డాక మావయ్య నాగలి పాత హద్దు దగ్గరికి వచ్చి ఆగింది. ఎద్దుల్ని వెనక్కి తిప్పుకున్నాడు. రాయి అప్పటికే దాని చోటికి వచ్చేసి ఉంది. ఎవరు పెట్టారని మేమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నాయనమ్మ ఆ గట్టు పొడుగునా కంది వేసి, కాయలు కాశాక మొదటి గంప మావయ్య ఇంటికే మోసుకెళ్ళింది.

నాకు దేవుడు ప్రతిసారీ అలా జరిపించలేదు. మా వారు నందిగామలో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు, చేయగలిగిందంతా చేసి ఆయన్ని కూడా దేవుడి చేతిలోనే పెట్టాను. తిరిగి ఇవ్వలేదు. చాలా కాలం అలిగాను. అలకైనా ఆ దేవుడి మీదే, ఇంకెవరి మీద అలగను? నిన్న పొద్దున కూడా మోకాళ్ళ నొప్పితో మంచం దిగుతూ ఆయన్ని నాలుగు తిట్టి, ఆయన్నే పట్టుకుని లేచాను.