కొలకర్ర కింద తిరుత్తణి రాయి

మింజూరు అవతల ఉప్పుటేటి పక్కన దొరస్వామికి ఎకరన్నర మడి ఉంది. మడికన్నా ఆయనకు గర్వం ఏట్లో నాటిన కొలకర్ర. పదకొండేళ్లుగా రోజూ తెల్లారగానే నీళ్లు ఏ గీతదాకా వచ్చాయో చూసి పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. జీతం పేరుకే. ఉపగ్రహం నడిసముద్రం ఎత్తు బాగానే కొలుస్తుంది గానీ, ఒడ్డు దగ్గరికొచ్చేసరికి దాని లెక్క తడబడుతుందట. అక్కడ దొరస్వామి మాటే సాక్ష్యం!

"ఆకాశంలో పొయ్యేదానికి గూడా నా కన్ను కావాల," అని టీకొట్టు దగ్గర మీసం దువ్వేవాడు.

ఉప్పునీళ్లు ఎగదన్ని మళ్లు పాడవుతున్నాయి, కరకట్ట కట్టించండని ఊరు అర్జీ పెట్టింది. నీళ్లు పెరిగాయని కొలకర్ర చెబితేనే కట్ట వస్తుంది. చూడటానికి చెన్నైలోని కొలతల ఆఫీసు నుంచి శశికళ మేడం వచ్చింది. సముద్రం పెరిగిందని ఉపగ్రహం, నాలుగేళ్లుగా తగ్గిందని దొరస్వామి పుస్తకం!

"ఇంట్లో కూర్చుని రాసినారా అయ్యా?"

దొరస్వామికి ఒళ్లు మండింది. "మా యమ్మ పోయిన దినం గూడా చూసే రాసినాను మేడం! సత్తియంగా చెప్తా ఉండా."

ఆటుకు నీళ్లు దిగాక ఆమె కర్ర మొదలు తవ్వించింది. మందపాటి పలకరాయి బయటపడింది. దాన్ని చూసి ఆయన ముఖం వెలిగిపోయింది, పిచ్చి మనిషి.

"అది తిరుత్తణి కొండ రాయి మేడం. నాలుగేళ్ల కింద తుపానుకు కర్ర ఒరిగిపోతే నేనే నిలబెట్టినా. ఏది నాటినా మురుగన్ కొండ రాయి అడుగున పెట్టేది మా ఇంటి వాడిక."

శశికళ తల పట్టుకుంది. కర్ర పైకి లేచింది కాబట్టి నీళ్లు కింది గీతకే అందాయి. పెరిగిన సముద్రాన్నంతా ఆ రాయి మింగేసింది.

"పెట్టినట్టు పుస్తకంలో రాసినారా?"

"సామి పని పుస్తకంలో రాస్తారా మేడం?"

అప్పుడే చెప్పి ఉంటే కొలిచి సరిచేసేవాళ్లు. బురదలో ఆ రాయి ఏ ఏడు ఎంత దిగిందో ఇప్పుడెవరికి తెలుసు? నాలుగేళ్ల అంకెలూ కొట్టేశారు. అర్జీ తిరిగొచ్చింది. మళ్లీ ఐదేళ్లు కొలవాలట. ఐదేళ్లు! అప్పటిదాకా మడి ఉండొద్దూ?

"ఊరి నోట్లో మన్ను కొట్టినావు గదయ్యా," అంది భార్య కాంచన.

ఆయన రాయిని మోసుకెళ్లి తన మడిగట్టు తెగినచోట పాతాడు. పున్నమి పోటుకు ఉప్పునీళ్లు దాని మీదుగా మడిలోకి వచ్చేశాయి. దొరస్వామి వంగి, రాయి మీద వేళ్లు ఆనించి కొలిచాడు. నాలుగు వేళ్ల నీళ్లు. పుస్తకం తెరిచి, తేదీ వేసి రాశాడు. కింద "రాయి నేనే పెట్టినాను" అని సంతకం చేశాడు.