మాస్టారి జొన్నచేను

సోషల్ మాస్టారు పోయారన్న కబురు నందిగామ బస్టాండులో అందింది. ఆయన దగ్గరికి వెళ్దామనే జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆయన పక్కచేను రైతు ఫోన్ చేశాడు. రాత్రి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట, మధ్యాహ్నం తర్వాత తీసుకెళ్తారట. బస్సు వచ్చింది, ఎక్కాను. దేనిమీదా కోపం రాలేదు. నన్నెరిగినవాళ్ళకి అదెంత వింతో తెలుసు.

ఇంటికి చేరేసరికి వాకిటినిండా ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. మాస్టారి భార్య నన్ను దగ్గరికి పిలిచారు.

"ఏడవడానికి ఇక్కడ బోలెడుమంది ఉన్నారు నాయనా. చేను మీద ఎవరూ లేరు. గింజ పాలు పోసుకుంది, నువ్వెళ్ళు," అన్నారు.

ఆ మాటలో ఎంతుందో చెప్పాలి. మా వైపు ఇప్పుడు ఎటు చూసినా పత్తి, మిరప. వాటి మధ్య అరెకరంలో రిటైరైన మాస్టారు ఒక్కరే ఏటా తాతలనాటి జొన్న వేసేవారు. పదిమంది వేస్తే పిట్టలు పది చేలకీ సర్దుకుంటాయి. ఒక్కడు వేస్తే చుట్టుపక్కల పిట్టలన్నీ ఆ ఒక్కడి మీదే వాలతాయి. ఒక్క పగలు మంచె మీద మనిషి లేకపోతే కంకులు ఖాళీ. ఆ విత్తనం ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. ఈ పంట పోతే అదీ పోయినట్టే.

పక్కచేను రైతు ఆటపట్టించేవాడు. "మాస్టారూ, మూడు మండలాల పిట్టలకి హోటల్ పెట్టారండీ."

"పెట్టానయ్యా. ఒక్కటీ బాగుందని చెప్పి పోదు," అనేవారాయన.

నేను ఆయన బళ్ళో చదవలేదు. నా చదువంతా కరపత్రాలూ, చేతిలో ఇమిడే చిన్న పుస్తకాలూ. ఆఫ్రికా దోపిడీ మీద నేనే ఒక కరపత్రం రాసి, అచ్చేయించి, ఆ నందిగామ బస్టాండులోనే పంచుతుంటే ఆయన ఒకటి తీసుకున్నారు. దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని, ఎదురుగా తన బస్సు వెళ్ళిపోతున్నా పట్టించుకోకుండా చివరిదాకా చదివారు.

"ఓడలొచ్చాయి, తుపాకులొచ్చాయి, మనుషుల్ని గొలుసులేసి పట్టుకుపోయారు. అంతా నిజమే. అంతకుముందు వాళ్ళేం తినేవారో రాయలేదేంటోయ్?"

నాకు మండింది. మనుషుల్ని అమ్ముకున్న సంగతి చెప్తుంటే తిండి సంగతి అడుగుతారేంటని బస్టాండంతా వినేలా అరిచాను. ఆయన విన్నారు. గొంతు ఆరిపోయి ఉంటుందని టీ ఇప్పించారు. మర్నాడు చేనుకి రమ్మన్నారు.

ఆయన పాఠాలన్నీ మంచె కిందే. చేతికర్రతో నల్లరేగడి మీద ఆఫ్రికా గీసేవారు. మధ్యలో పిట్టల గుంపు వాలితే లేచి, డబ్బా వాయించి వచ్చి, ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేవారు. ఏదడిగినా ముందు వానని అడగమనేవారు. ఉత్తరాన సముద్రం పక్కన చలికాలపు వాన, అక్కడ గోధుమ. ఎడారి దాటి దిగువకొస్తే వేసవి వాన, ఆ మైదానాల్లో గోధుమ నిలవదు. అక్కడి మనుషులు తమ గడ్డిలోంచే మంచి కంకి ఏరి, విత్తి, మళ్ళీ ఏరి జొన్ననీ సజ్జనీ నిలబెట్టుకున్నారు. ఏరింది ఎక్కువగా ఆడవాళ్ళే అయి ఉంటారని ఆయన అనుమానం. చాలాచోట్ల ఒకరకం ఈగ కుడితే పశువులు చచ్చిపోతాయి, అందుకని అక్కడ నాగలి లేదు, చేతిపారతోనే సేద్యం. పడమటి నుంచి బయల్దేరిన రైతులు తరాల తరబడి తూర్పుకీ దక్షిణానికీ జరుగుతూ, విత్తనంతోపాటే తమ భాషనీ తీసుకెళ్ళారు. దక్షిణ సగంలో చాలామటుకు అక్కచెల్లెళ్ళలాంటి భాషలే వినపడటం అందుకేనట. దక్షిణపు కొసకి కాస్త ఇవతల మాత్రం ఆ రైతులు ఆగిపోయారు.

ఎందుకాగారని అడిగాను.

"వానని అడుగు. అక్కడ మళ్ళీ చలికాలపు వాన. జొన్న ఆగింది, రైతు ఆగాడు, భాష ఆగింది. ఆ కొసన పశువుల కాపరులూ వేటగాళ్ళూ మిగిలారు. గోధుమ గింజలతో ఓడ దిగిన దొరలు పాతుకుపోయింది అక్కడే."

మరి మన జొన్న చలికాలంలోనే పండుతోందిగా అని పట్టుకున్నాను. ఆయన నవ్వి, కర్రతో లోతుగా తవ్వి గుప్పెడు మట్టి నా చేతిలో పెట్టారు. తడిగా ఉంది. మన వాన ముందే కురిసి వెళ్ళిందని, రేగడి దాచిపెట్టి ఇస్తోందని చెప్పారు. తర్వాత మళ్ళీ నా కరపత్రం మీదికొచ్చారు.

"నువ్వు వాళ్ళమీద జాలిపడుతున్నావు. ఈ గింజ అక్కడిదోయ్. సముద్రం దాటొచ్చి మీ ముత్తాతని బతికించింది. అన్నం పెట్టినవాళ్ళ మీద జాలేంటి? దోచినోడి మీద కోపం ఉంచుకో. జాలి తీసెయ్."

తీసేశాను. మొత్తం తిరగరాశాను. కొత్తగా అచ్చయిన కాపీలు ఆయనకిద్దామనే, ఆయన పోయిన ఆ రోజు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. చేనుకెళ్ళి మంచెక్కి, ఆ సంచి గుంజకి తగిలించి, ఆయన డబ్బా, అది వాయించే కర్రా తీసుకున్నాను. తూర్పున తోలితే పడమర వాలేవి. భుజాలు పడిపోయాయి. నినాదాలకి అలవాటుపడ్డ గొంతు కాసేపటికే పోయింది. ఈ పని ఆయన ఏటా ఒక్కరే ఎలా చేశారో నాకిప్పటికీ అర్థం కాదు.

కోతదాకా నేనూ పక్కచేను రైతూ వంతులేసుకున్నాం. సగం పంట పోయింది. మిగిలినదాంట్లో విత్తనానికి సరిపడా దక్కింది. వచ్చే ఏడు తనకీ కొంచెం పెట్టమని అతనే అడిగాడు, ఇద్దరం వేస్తే పిట్టలు సర్దుకుంటాయని.

నా కళ్ళల్లో మిగిలింది మాత్రం ఆ మొదటి మధ్యాహ్నమే. మాస్టారిని చేను పక్క బాటనే తీసుకెళ్ళారు. ముందు డప్పులు. ఆ మోతకి చేలో ఉన్న పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఆయన దాటి వెళ్ళేంతసేపూ కంకుల మీద ఒక్క పిట్ట లేదు. నా చేతిలో డబ్బా ఊరికే ఉండిపోయింది. మెల్లగా డప్పులు దూరమయ్యాయి. సిమెంటు ఫ్యాక్టరీ గొట్టాల వైపు నల్లటి గుంపు ఒకటి ఆకాశంలో వంపు తిరిగి, మళ్ళీ చేను వైపు రావడం కనిపించింది. కర్ర అందుకున్నాను.