రూతమ్మ గారు వేసిన మదురై ప్లాను

ఇవాళ పొద్దున ఇడ్లీ పళ్ళెం మీది తడిగుడ్డ తీస్తుంటే ఆవిరి గుప్పున మొహానికి కొట్టింది. వెనక భోజనాల బల్ల దగ్గర మా అమ్మాయి ఫోను పట్టుకుని మదురై ప్రయాణానికి ప్లాను వేస్తోంది. రెండు రోజుల్లో చూడాల్సినవీ తినాల్సినవీ కలిపి జాబితా చాంతాడంత అయింది. "ఇవన్నీ ఎప్పుడు తింటావే?" అన్నాను. "పరిగెత్తుతూ తింటామమ్మా" అంది. రూతమ్మ గారే ఉండుంటే ఆ ఫోను లాక్కుని ముప్పావు వంతు కొట్టేసేవారు.

చీరాల దగ్గరి పల్లెటూరి హైస్కూల్లో నేను తెలుగు టీచరుగా చేరేసరికి ఆవిడ అక్కడ సోషల్ చెప్పేవారు. పొలం కూలికి వెళ్ళే ఇంట పుట్టి, చర్చి హాస్టల్లో ఉండి చదువుకుని టీచరైన మనిషి. గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉండేది. ఏటా వేసవి సెలవుల్లో మా టీచర్లందరినీ వెంటేసుకుని ఏదో ఒక పాత నగరానికి రెండు రోజులు తీసుకెళ్ళేవారు. "పూటకి ఒకటే చూడాల. ఒక చోటే తినాల. మిగతా టైమంతా ఊరికే కూర్చోవాల. కూర్చోకపోతే ఊరు మనతో ఎట్టా మాట్టాడుద్ది?" అనేవారు. ఎవరైనా ఇంకో నాలుగు గుళ్ళు కలపమంటే, "నువ్వు ఊరు చూడ్డానికొస్తున్నావా, హాజరు వేయించుకోడానికొస్తున్నావా?" అని అందరి ముందూ కడిగేసేవారు. నేను ఆవిడ దగ్గర తిట్లు తిన్నంతగా మా నాన్న దగ్గర కూడా తినలేదు. అయినా ఆవిడ పక్క సీటు కోసం పోటీ పడేదాన్ని.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉండేది. మాది మిరప తోటలు వేసిన కుటుంబం. రూతమ్మ గారి వాళ్ళలాంటివాళ్ళే మా చేలల్లో కాయలు కోశారు. అమ్మకి ఆవిడంటే వల్లమాలిన అభిమానం. వాళ్ళింటికి వెళ్ళి గంటలు గంటలు కబుర్లాడేది. కానీ అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. "ఇప్పుడే తినొచ్చాలే" అనేది. రూతమ్మ గారు ఒక్కసారి కూడా బలవంతపెట్టలేదు. అమ్మ వస్తుందంటే అరటిపండ్లు తెప్పించి ఉంచేవారు. తొక్క ఉన్న పండుకి అంటు లేదు కదా! అమ్మ నింపాదిగా ఆ పండు ఒలుచుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఇంటికొచ్చి పోట్లాడితే, "ఈ వయసులో నన్నేం మారుస్తావే" అని పక్కకి తిరిగి పడుకునేది. నాకు కావలసిన ఈ ఇద్దరూ ఒక్క పూట పక్కపక్కన కూర్చుని అన్నం తింటే చూడాలని ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను.

ఆ ఏడు మదురై అనుకున్నారు. అమ్మని కూడా తీసుకురానా అని అడిగాను. రూతమ్మ గారు "తీసుకురా. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు గదా, ఒక పూటంతా గుడికే ఉంచేద్దాం" అని ప్లాను మొత్తం అమ్మ చుట్టూ తిరగేసి వేశారు. అమ్మ పెద్ద క్యారియర్ నిండా పులిహోర, పెరుగన్నం, దిబ్బరొట్టె సర్దుకుంది. ఇంకెవరైనా అలా తెస్తే, "ఊరు మారినా మన వంటే తింటారా?" అని విరుచుకుపడే మనిషి, ఆ క్యారియర్‌కి రైల్లో సీటు కింద చోటు చేయించారు.

నాయక రాజుల మహల్లో ఆ లావుపాటి స్తంభాల కింద ఇద్దరూ చతికిలబడ్డారు. "ఈ రాజుల ఇంటి మాట మన తెలుగేనక్కయ్యా" అన్నారు రూతమ్మ గారు. అమ్మ తలెత్తి చూసి, "అయితే గుత్తొంకాయ కూర వండుకునే ఉంటార్లే" అంది. ఆ నవ్వులకి అక్కడి కాపలా మనిషి వచ్చి చూసిపోయాడు.

ఆ ఎండకి క్యారియర్లో అన్నం సాయంత్రానికే పాడైంది. అమ్మ రెండు పండ్లతో సరిపెట్టుకుంది. మర్నాడు పొద్దున రూతమ్మ గారు మమ్మల్ని జనంతో కిటకిటలాడే ఇడ్లీ కొట్టుకి తీసుకెళ్ళారు. ఆకుల్లో పొగలు కక్కే ఇడ్లీలు, రంగు రంగుల పచ్చళ్ళు వేశారు. అందరం మొదలుపెట్టాం. అమ్మ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆకు వంక చూస్తోంది. పక్కన కూర్చున్న రూతమ్మ గారు నెమ్మదిగా అన్నారు.

"అక్కయ్యా, ఇవి వండినోళ్ళెవరో నాకూ తెలీదు. కనుక్కుని రమ్మంటారా?"

అది దెప్పిపొడుపు కాదు. ఆవిడకి తమిళం ఒక్క ముక్క రాదు, అయినా నిజంగానే వంటింటి వైపు వెళ్ళడానికి లేచారు. అమ్మ గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుంది. "కూర్చో రూతమ్మా. ఏ తల్లి వండిందో ఏమో, చల్లారిపోతన్నాయి" అని ఇడ్లీ తుంచింది. నేను పచ్చడి కారంగా ఉందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను. గుంటూరు కారం తిన్నదానికి ఆ పచ్చడి కారమా అని ఎవరూ అడగలేదు, నయం.

తిరుగు రైల్లో అమ్మ ఉన్నట్టుండి అడిగింది. "ఇన్నేళ్ళూ పండు పెట్టి పంపావు గానీ, ఒక్కసారన్నా అన్నం తినమని అడగలేదేం?"

"అడిగితే మీరు వద్దనాల గదక్కయ్యా. ఆ మాట మీ నోట వినలేక అడగలా."

అంత పెద్ద గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. "ఒక్కసారి అడిగి చూడకపోయావా" అని అమ్మ కిటికీ వైపు తిరిగింది.

ఆ ఆదివారం రూతమ్మ గారు చర్చి నుంచి వచ్చేసరికి వాళ్ళ గుమ్మంలో అమ్మ ఉంది, వెనకే నేను. "ఇవాళేం వండావు?" అంది. "దోసకాయ పప్పండీ." "పెట్టు, ఆకలేస్తంది." రూతమ్మ గారు గబగబా కంచం కడిగి తెచ్చారు. వడ్డిస్తుంటే అన్నం మెతుకులు కంచం బయట పడ్డాయి. అమ్మ నాలుగు ముద్దలు తిని, "ఉప్పెక్కువైంది రూతమ్మా" అంది, నా వంటకి రోజూ వంక పెట్టే గొంతుతోనే. రూతమ్మ గారు నవ్వబోయి భోరుమన్నారు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఓపిక పట్టడం రూతమ్మ గారి దగ్గర నేర్చుకున్నాను, ఒక్కసారైనా అడిగి చూడాలని అమ్మ దగ్గర. మా గుమ్మంలోకి ఎవరొచ్చినా అన్నం తింటారా అని అడుగుతాను. వద్దంటే ఊరుకుంటాను, మళ్ళీ వచ్చినప్పుడు అడుగుతాను.